కొండ మీద అజాన్

పరీక్షలు ముగిసి ఫలితాల కోసం ఎదురుచూసే ఈ రోజులలో మా వద్దకు వచ్చే ప్రశ్నలలో కొన్నేళ్లుగా ఒక కొత్త రకం చేరింది. ఇదివరకు తల్లిదండ్రులు పిల్లవాడి చదువు గురించి, సంబంధం గురించి, వడ్డీ లేని అప్పు గురించి అడిగేవారు. ఇప్పుడు, "మౌలానా! మా వాడు స్నేహితులతో కలిసి కాశ్మీరు కొండల మీదికి ట్రెక్కింగుకు పోతానంటున్నాడు. వారం రోజులు గుడారాలలోనే ఉంటారట. పంపవచ్చునా?" అని అడుగుతున్నారు. ఒక తండ్రికి ఇది డబ్బు దుబారాగా కనిపిస్తుంది. ఒక తల్లికి చలి భయం. మరొక తల్లి మాత్రం, "అక్కడ నీళ్లు మంచులా ఉంటాయట కదా, నా బిడ్డ ఫజ్ర్ నమాజు ఎలా చదువుతాడు?" అని అడిగారు. అల్లాహ్ ఆమెకు మేలు చేయుగాక. ఈ నెల శీర్షికను ఆమె ప్రశ్న చుట్టూనే నడుపుతున్నాము.

ముందు ఆ స్థలం ఎలాంటిదో తెలియాలి. కాశ్మీరులో 'మర్గ్' అంటే పచ్చిక మైదానం. గుల్‌మర్గ్, సోనామర్గ్ పేర్లు మన వారందరికీ తెలిసినవే. కానీ అవి రోడ్డు పోయే మర్గ్‌లు. అసలైన ఎత్తైన పచ్చికలు వాటికి పైన ఉంటాయి. దేవదారు, పైన్ అడవులు దాటి, ఆ పైన భోజపత్ర వృక్షాలు కూడా ముగిసిన చోట ఇక చెట్టు అన్నది కనిపించదు. అక్కడి నుండి రాళ్లు, మంచు మొదలయ్యే దాకా పరచుకొని ఉండేది గడ్డి, పూలు, వాగులు, సరస్సులు. ఏడాదిలో సగానికి పైగా మంచు కింద ఉండే ఆ నేల జూన్‌లో బయటపడి, జూలై ఆగస్టు మాసాలలో పచ్చబడి, అక్టోబరుకు మళ్లీ మంచుకు సిద్ధమవుతుంది. గడ్డికైనా పువ్వుకైనా ఆ రెండు మూడు నెలలే ఆయుష్షు.

యువకులు ఎక్కువగా వెళ్లేది సోనామర్గ్ వద్ద మొదలై నారానాగ్ వద్ద ముగిసే దారి. సుమారు 70 కిలోమీటర్లు, ఆరేడు రోజుల నడక. నిచ్నయ్ కనుమ దాటితే విషన్‌సర్, కిషన్‌సర్ సరస్సులు. 4,000 మీటర్లకు పైన ఉన్న గడ్‌సర్ కనుమ దాటితే గడ్‌సర్ సరస్సు. ఆ తరువాత సత్‌సర్. చివరకు 5,142 మీటర్ల హర్ముఖ్ శిఖరం పాదాల వద్ద గంగాబల్, నుంద్‌కోల్ సరస్సులు. గంగాబల్ కాశ్మీరీ పండితులకు పవిత్ర క్షేత్రం. నారానాగ్‌లో ఎనిమిదో శతాబ్దం నాటి ఆలయ శిథిలాలు ఉన్నాయి. వెళ్లే మన పిల్లలు వాటి రాళ్ల మీదికెక్కి ఫొటోలు దిగకూడదని, ఇతరుల పూజాస్థలం పట్ల మర్యాద పాటించాలని ఇక్కడే చెప్పివేస్తున్నాము.

దేవ్‌బంద్‌లో చదువుకొనే రోజులలో మాకు కాశ్మీరీ సహాధ్యాయులు ఉండేవారు. వారిలో ఒకరి ఆహ్వానం మీద కొన్నేళ్ల క్రితం నారానాగ్ నుండి త్రుంఖోల్ మైదానం మీదుగా గంగాబల్ దాకా వెళ్లి, మూడు రాత్రులు గుడారంలో గడిపి వచ్చాము. కాబట్టి ఇందులో కొంత పుస్తకాల మాట, కొంత కళ్లతో చూసిన మాట.

ఇక ధర్మసమ్మతమా అన్న ప్రశ్న. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ అన్కబూత్ సూరా 20వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఒంటెను, ఆకాశాన్ని, నాటబడిన పర్వతాలను, పరచబడిన భూమిని చూడరా అని అల్ గాషియా సూరా నిలదీస్తున్నది. అన్నహ్ల్ సూరా 80వ ఆయత్ అయితే నేరుగా గుడారాల గురించే మాట్లాడుతుంది. పశువుల చర్మాలతో చేసిన ఇళ్లు ప్రయాణ దినాన, మజిలీ దినాన మోయడానికి తేలికగా ఉండడాన్ని, వాటి ఉన్నితో వెంట్రుకలతో సామగ్రి అమరడాన్ని అల్లాహ్ తన అనుగ్రహాల జాబితాలో చేర్చాడు. అదే సూరా ఆరంభంలో మందలను ఉదయం మేతకు తోలడంలో, సాయంత్రం మరలించడంలో మీకు అందం ఉన్నదని గుర్తుచేశాడు. ఉపయోగం మాత్రమే కాదు, అందాన్ని కూడా అనుగ్రహంగా లెక్కించిన ప్రభువు, ఆ అందాన్ని చూడడానికి వెళ్లే దాసుణ్ణి నిషేధిస్తాడని మేము అనలేము.

అయితే ముబాహ్ అయిన పని కూడా పరిస్థితిని బట్టి మారుతుంది. ఇంట్లో అప్పు తీర్చవలసి ఉండగా, అక్క పెండ్లికి తండ్రి చేయి చాచుతుండగా, కుమారుడు వేల రూపాయల బూట్లు కొని కొండలెక్కడం సమంజసం కాదు. తన సంపాదనతో, తల్లిదండ్రుల సమ్మతితో వెళ్లేవాణ్ణి దుబారా చేస్తున్నావని గద్దించడమూ సమంజసం కాదు. అదే తండ్రి పెండ్లి విందులో పది రకాల వంటకాలు వడ్డించి సగం పారవేయించినప్పుడు ఆయనకు దుబారా గుర్తుకు రాలేదని వినయంగా మనవి చేస్తున్నాము.

ఆ తల్లి ప్రశ్నకు వస్తాము. హైదరాబాదు నుండో, కర్నూలు నుండో బయలుదేరిన పిల్లవాడు ఊరి పొలిమేర దాటిన క్షణం నుండి తిరిగి వచ్చేదాకా ముసాఫిరే, ఎక్కడా పదిహేను రోజులు నిలిచే ఉద్దేశం లేకుంటే. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు చదవాలి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో తగ్గింపు లేదు. విత్ర్ వదలరాదు. రెండు నమాజులను ఒకే వేళలో కలిపి చదివే విషయంలో ఇమాముల మధ్య భేదం ఉన్నది. మన హనఫీ ఉలమా హజ్ యాత్రలోని అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప కలపడాన్ని అంగీకరించరు. కానీ జుహ్ర్‌ను దాని చివరి వేళలోను, అస్ర్‌ను దాని తొలి వేళలోను చదివితే ఒక్క మజిలీలోనే రెండూ పూర్తవుతాయి. వేరే మస్లక్‌ను అనుసరించే మిత్రుడు వెంట ఉండి కలిపి చదివితే, కొండ మీద అతనితో వాదానికి దిగవద్దు. ఆ గాలికి ఊపిరే చాలదు, వాదనకు ఎక్కడ చాలుతుంది?

ఖిబ్లా గురించి ఒక చిన్న మాట. మన హైదరాబాదులో ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. కాశ్మీరులో అది పడమర నుండి కొద్దిగా దక్షిణానికి ఒరుగుతుంది. ఇంటి దగ్గరి అలవాటును కొండ మీదికి మోసుకొని పోరాదు. సెల్‌ఫోను చలికి ఇట్టే డిశ్చార్జి అవుతుంది గనుక చిన్న దిక్సూచి ఒకటి జేబులో ఉంచుకోవాలి.

ఇక నీళ్లు. వాగు నీరు మంచు కరిగి వచ్చినదే. చేయి పెడితే ఎముక దాకా నొప్పి. అంతమాత్రాన తయమ్ముమ్ చెల్లదు. నీళ్లు వేడి చేసుకొనే స్టవ్ ఉన్నవాడు వేడి చేసుకోవలసిందే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక 'ముద్ద్' నీటితో, అంటే మన లెక్కలో ముప్పావు లీటరుకు అటూ ఇటుగా, ఉజూ చేసేవారని బుఖారీ, ముస్లింలలో ఉన్నది. మన ఇళ్లలో నల్లా తిప్పి వదిలి బకెట్టు నీళ్లతో ఉజూ చేసే పిల్లవాడికి ఈ సున్నత్ విలువ కొండ మీద తెలిసి వస్తుంది. మా కాశ్మీరీ మిత్రుడు ఒక ఉపాయం చూపారు. రాత్రి పడుకొనే ముందు ఒక సీసాలో నీళ్లు నింపి, మూత గట్టిగా బిగించి, స్లీపింగ్ బ్యాగులో కాళ్ల వద్ద పెట్టుకోవాలి. తెల్లవారుజామున ఆ నీళ్లు గోరువెచ్చగా కాకపోయినా చేతులు కొరికేటట్లు ఉండవు. బయట సీసాలో ఉంచినవి ఒక్కోసారి పైన పలుచగా గడ్డకట్టి ఉంటాయి.

కాళ్లు కడగడమే అన్నిటికన్నా కష్టం. దీనికి షరీఅత్ ముందే మార్గం చూపింది. తోలు మేజోళ్లపై, అంటే ఖుఫ్‌ఫైన్‌పై మసహ్ చేయడానికి ముసాఫిరుకు మూడు పగళ్లు, మూడు రాత్రుల గడువున్నదని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లింలో ఉన్నది. పూర్తి ఉజూతో తొడుక్కోవాలి. తొడిగిన తరువాత మొదటిసారి ఉజూ భంగమైనప్పటి నుండి గడువు లెక్క. విడిస్తే మసహ్ పోతుంది. ట్రెక్కింగు బూటు చీలమండ కప్పేదైతే దానిపైనే మసహ్ చేయవచ్చుగానీ, రాత్రి గుడారంలోకి వచ్చి బూట్లు విప్పగానే కాళ్లు కడుక్కోవలసి వస్తుంది. అందుచేత బూటు లోపల తోలు ఖుఫ్ తొడుక్కోవడం తెలివైన పని. మస్జిదుల వద్ద అత్తరు, టోపీలు అమ్మే దుకాణాలలో అవి దొరుకుతాయి. బూటు కొనేటప్పుడు ఖుఫ్ తొడుక్కొనే కొలత చూసుకోవాలి, లేకుంటే రెండో రోజుకే కాలు పుండవుతుంది. పలుచని నూలు, ఉన్ని సాక్సులపై మసహ్ మన హనఫీ ఫిఖ్హ్‌లో చెల్లదు.

తయమ్ముమ్ ఎప్పుడు? నీళ్లు తాకితే ప్రాణానికో, అవయవానికో, రోగం ముదరడానికో నిజమైన భయం ఉండి, వేడి చేసుకొనే దారి లేనప్పుడు. హిజ్రీ 8వ సంవత్సరంలో జాతుస్సలాసిల్ దండయాత్రలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు ఒక గడ్డకట్టే రాత్రి గుసుల్ అవసరమైంది. స్నానం చేస్తే చనిపోతానని భయపడి, తయమ్ముమ్ చేసి సహచరులకు నమాజు చదివించారు. సంగతి తెలిసి దైవప్రవక్త (స) ప్రశ్నించగా, తమను తాము చంపుకోవద్దన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని ఆయన గుర్తుచేశారు. ప్రవక్త (స) నవ్వి మిన్నకుండిపోయారు. దీనికి ఎదురుగా అబూ దావూద్‌లోనే మరో సంఘటన ఉన్నది. తలకు గాయమైన ఒక సహాబీకి గుసుల్ అవసరమైంది. వెంట ఉన్నవారు, నీకు తయమ్ముమ్ సడలింపు లేదన్నారు. ఆయన స్నానం చేసి మరణించారు. తెలియనప్పుడు అడగకుండా వారే అతన్ని చంపారని ప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. సడలింపును తోసిపుచ్చడమే భక్తి అనుకొనే యువకులు మన మధ్య ఉన్నారు. వారి కోసమే ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టాము. తయమ్ముమ్ మట్టిపై గానీ రాతిపై గానీ చేయాలి. మంచుపై చెల్లదు, ఎందుకంటే మంచు నీటి జాతిదే.

ఇప్పుడు అజాన్. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఒక వ్యక్తితో, నీకు మేకలన్నా ఎడారి అన్నా ఇష్టమని చూస్తున్నాను. అక్కడ ఉన్నప్పుడు అజాన్ బిగ్గరగా ఇవ్వు. ఆ స్వరం చేరినంత మేర జిన్నాతులు, మానవులు, ప్రతి వస్తువూ ప్రళయదినాన సాక్ష్యమిస్తాయి అన్న భావం చెప్పారు. అది ప్రవక్త (స) నుండి విన్నానన్నారు. బుఖారీలో ఉన్న హదీసు. కొండ శిఖరాన ఒంటరిగా అజాన్ ఇచ్చి నమాజు చదివే కాపరిని చూసి అల్లాహ్ ప్రసన్నుడవుతాడని మరొక హదీసు అబూ దావూద్, నసాయీలలో ఉన్నది. త్రుంఖోల్‌లో ఒక సాయంత్రం మేము దానిని కళ్లారా చూశాము. మా గుడారానికి ఎదుటి వాలు మీద, మందను దొడ్డికి మరలించిన ఒక వృద్ధుడు కర్ర పక్కన పెట్టి, చెవుల వద్ద చేతులుంచి అజాన్ ఇచ్చాడు. మైకు లేదు, మినార్ లేదు. ఆ స్వరం లోయకు అటువైపు కొండకు తగిలి తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు ఆ హదీసు చదివిస్తున్నాము. 'ప్రతి వస్తువూ' అన్న పదానికి అర్థం ఆ రోజు చెవులతో విన్నాము.

ఆ వృద్ధుడు బకర్వాల్. ఈ ప్రజల గురించి మన పిల్లలకు తెలియకపోవడం మాకు బాధ కలిగిస్తుంది. వారు మేకలు, గొర్రెలు కాచే సంచారులు. గేదెలు కాచే గుజ్జర్లు వారి బంధువర్గం. చలికాలమంతా రాజౌరీ, పూంఛ్, కఠువా వంటి జమ్మూ ప్రాంతపు దిగువ కొండలలో ఉంటారు. ఏప్రిల్, మే నెలలలో కుటుంబం యావత్తూ, చంటిబిడ్డలతో సహా, గుర్రాల మీద సామాను వేసుకొని, మందలతో వారాల తరబడి నడిచి కనుమలు దాటి ఈ పచ్చికలకు చేరుతారు. సెప్టెంబరు చివర మళ్లీ దిగువకు. వారి మాతృభాష గోజ్రీ, ఉర్దూ అర్థమవుతుంది. మన దక్కనీ వింటే కొంచెం నవ్వుకుంటారు, అంతే. 1991లో వారిని షెడ్యూల్డ్ తెగగా గుర్తించారు. అడవిపై హక్కులనిచ్చే 2006 నాటి చట్టం 2019 తరువాత గానీ ఆ ప్రాంతానికి వర్తించలేదు. మనకు ఏడు రోజుల విహారమైన చోటు వారికి ఏడాది జీవనోపాధి. మనం గుడారం వేసే సమతల భూమి వారి మంద మేసే నేల. ఈ ఒక్క మాట మనసులో ఉంటే మిగతా మర్యాదలన్నీ వాటంతట అవే వస్తాయి.

ఆ వృద్ధుడు మమ్మల్ని తన కోఠాకు పిలిచి నూన్ చాయ్ ఇచ్చాడు. ఉప్పు వేసిన గులాబీ రంగు టీ, మొక్కజొన్న రొట్టె. ఇరానీ చాయ్‌కు అలవాటుపడిన మా నాలుకకు మొదటి గుక్క పరీక్షే. మీ దేశంలో గడ్డి ఎండిపోతే మందలు ఎక్కడికి పోతాయి అని అడిగాడు. మా దగ్గర గొల్ల, కురుమ సోదరులు కూడా మందలు తోలుకొని జిల్లాలు దాటి నడుస్తారని, భుజాన నల్ల గొంగడి వేసుకొంటారని చెప్పాము. తన భుజం మీది ఉన్ని దుప్పటిని చూపి, "ఇలాంటిదేనా?" అన్నాడు. అలాంటిదే అన్నాము. దైవప్రవక్తలందరూ మేకలు కాచినవారే, నేనూ మక్కా ప్రజల మేకలు కాచాను అన్న భావం గల ప్రవక్త (స) మాట బుఖారీలో ఉన్నది. ఆ వృత్తిలో ఇంకా మిగిలి ఉన్నవారి ఇంటి ముందు నిలబడి యువకులు అనుమతి లేకుండా వారి స్త్రీల ఫొటోలు తీస్తారని అతడు చెప్పినప్పుడు మేము తల దించుకున్నాము.

అందుకే కొన్ని మాటలు గట్టిగా చెబుతున్నాము. కోఠా సమీపానికి పోయే ముందు దూరాన నిలబడి సలాం చెప్పాలి. ఇళ్లలోకి ప్రవేశించడానికి మూడుసార్లు అనుమతి కోరే మర్యాద గుడారానికీ వర్తిస్తుంది. పైగా అక్కడి కుక్కలు ఎలుగుబంట్ల నుండి, చిరుతల నుండి మందను కాచేవి. అవి మీ టోపీ చూసి ఊరుకోవు. పాలు, పెరుగు తీసుకుంటే ధర చెల్లించాలి. వారు వద్దంటే బియ్యమో, చక్కెరో, టీ పొడో కానుకగా ఇవ్వాలి. పిల్లలకు చాక్లెట్లు విసరవద్దు. వారు ముసాఫిరులే గానీ బిచ్చగాళ్లు కారు.

ముసాఫిరులే అన్నాము గానీ ఫిఖ్హ్ పరంగా అదీ సరికాదు. గుడారవాసులు ఒక పచ్చిక నుండి మరొక పచ్చికకు కదులుతున్నా వారు ముఖీములే అన్నది హిదాయాలో సరైనదిగా పేర్కొన్న అభిప్రాయం. గ్రంథకర్త వారికి వాడిన అరబీ పేరుకు అర్థమే పచ్చిక జనం! కనుక ఆ వృద్ధుడు ఇమామైతే మన పిల్లవాడు అతని వెనుక జుహ్ర్ నాలుగు రకాతులు చదవాలి. పిల్లవాడు ఇమామైతే రెండు చదివి సలాం చెప్పాలి, అతడు లేచి మిగతా రెండు పూర్తి చేసుకుంటాడు. ఆ మైదానంలో పరాయివారు మనమే.

నీరు, గడ్డి, నిప్పు — ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని హదీసు. పచ్చిక మీద ఉన్నవాడికి ఈ మూడూ ఎదురుగానే ఉంటాయి. నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయరాదు. నీటి రేవులలో, దారిలో, నీడలో మలవిసర్జన చేయడం శాపాన్ని తెచ్చే పని. ప్రవక్త (స) కాలకృత్యాలకు దూరంగా వెళ్లేవారు. సరస్సుకు, వాగుకు కనీసం 60 మీటర్ల దూరం పోయి, జానెడు లోతు గుంట తవ్వి, తరువాత మట్టి కప్పాలి. ఖిబ్లాకు ముఖమూ వీపూ పెట్టరాదని వేరే చెప్పనక్కరలేదు. నేలలోని రంధ్రాలలో మూత్రం పోయవద్దని కూడా హదీసున్నది. ఆ పచ్చికలలో మార్మోట్‌లనే బొద్దు జంతువులు బొరియలలో నివసిస్తాయి, మనిషి అలికిడికి ఈల వేసి లోపలికి దూరుతాయి. ఈ హదీసు వాటికి రక్షణపత్రం అనిపించింది మాకు. సబ్బు వాగులో కలపవద్దు. నీళ్లు పక్కకు తెచ్చుకొని కడుక్కోవాలి. ప్లాస్టిక్ కవర్లు, బిస్కెట్ పొట్లాలు, నూడుల్స్ కాగితాలు వెనక్కు మోసుకొని రావాలి. చలికి అక్కడ ఏదీ త్వరగా కుళ్లదు. గాజు పెంకు ఒక మేక డెక్కలో దిగితే ఆ కుటుంబానికి కలిగే నష్టానికి రేపు జవాబు చెప్పేది ఎవరు? దారిలోని బాధాకర వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని ప్రతి పిల్లవాడికీ మక్తబ్‌లోనే నేర్పుతాము. ఆ పాఠం కొండ మీద చెల్లదని ఎవరూ చెప్పలేదు.

ఇక ప్రాణం మాట. తల్లుల భయంలో సగం నిజమున్నది, కానీ భయపడవలసినది చలికి మాత్రమే కాదు. 3,500 మీటర్ల ఎత్తున ఊపిరికి దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికే దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. సముద్రమట్టం వద్ద పెరిగిన విశాఖ, నెల్లూరు పిల్లవాడు విమానం దిగి మరునాడే పైకి పరుగెత్తితే తలనొప్పి, వాంతి, నిద్రలేమి తప్పవు. సోనామర్గ్‌లో ఒకటి రెండు రోజులు ఆగి శరీరాన్ని అలవాటు చేసుకోవాలి. తలనొప్పి ఉండగా ఇంకా పైకి ఎక్కరాదు. మాట తడబడినా, నడక తూలినా, కూర్చొని ఉన్నా ఊపిరి ఆడకపోయినా మందు కోసం వెదకక, తెల్లవారడం కోసం ఎదురుచూడక, వెంటనే కిందికి దించాలి. అక్కడ నీరు 90 డిగ్రీల లోపే మరుగుతుంది, పప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కర్ లేకుండా కందిపప్పు మూట మోసుకొనిపోయిన వారి సంగతి ఊహించుకోండి.

నిద్రించేటప్పుడు ఇంట్లో నిప్పు వదలవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. మూసిన గుడారంలో స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ పెట్టుకొని పడుకుంటే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ హదీసును అగ్నిప్రమాదానికే పరిమితంగా చదవకండి. రాత్రి మజిలీ దారి మధ్యలో వేయవద్దు, అది జంతువుల, క్రిమికీటకాల మార్గమని ముస్లింలో ఉన్నది. పచ్చికలో జంతువుల దారి అంటే తరచుగా వాగు గట్టే. పైన ఎక్కడో కురిసిన వానకు వాగు క్షణాలలో పొంగుతుంది. 2022 జూలై 8న అమర్‌నాథ్ గుహ వద్ద గుడారాల మీదికి వచ్చిన వరద పదిహేను మందికి పైగా యాత్రికులను బలిగొన్నది. మజిలీ చేరగానే అల్లాహ్ సంపూర్ణ వచనాల శరణు కోరే దుఆను పిల్లవాడికి కంఠస్థం చేయించండి, గుడారానికి ఎత్తైన చోటు వెదకడమూ నేర్పండి. ఒకటి చేసి ఒకటి మానితే కుదరదు.

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీర్‌గా నియమించుకోమన్నారు ప్రవక్త (స). ఒంటరి ప్రయాణంలో ఉన్న ప్రమాదం జనానికి తెలిస్తే రాత్రివేళ ఎవరూ ఒంటరిగా సాగరన్నారు. వెనుదిరగాలని అమీర్ చెప్పినప్పుడు, శిఖరం గంట దూరంలోనే ఉన్నా, వెనుదిరగగలవాడే కొండకు అర్హుడు. అమీర్‌గా వయసులో పెద్దవాడినో, గొంతు పెద్దవాడినో కాక నిదానస్థుణ్ణి ఎన్నుకోవాలి. జట్టులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు ఉంచాలి. ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అనడం సహాబాల ఆచారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. కనుమ ఎక్కుతూ ఒక్కొక్క అడుగుకు తక్బీర్ పలికేవాడు సహజంగానే నెమ్మదిస్తాడు. అది మోకాళ్లకు కూడా మేలు.

ఒక సోదరి తన కుమార్తె తరఫున అడిగారు: అన్నయ్యకు కొండలు, నాకు వంటగదేనా అని. న్యాయమైన ప్రశ్న. మహ్రమ్ లేకుండా దూరప్రయాణం స్త్రీకి అనుమతించబడలేదు, దానిలో మేము సడలింపు ఇవ్వలేము. కానీ మహ్రమ్ ఉన్నాక ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడానికి ఏ ఆధారమూ లేదు. ఒక ప్రయాణంలో ప్రవక్త (స) సహచరులను ముందుకు సాగమని పంపి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. ఆమె గెలిచారు. కొన్నేళ్ల తరువాత మరొక ప్రయాణంలో ఆయన గెలిచి, అది దీనికి బదులన్నారు. తండ్రులారా, వారం రోజుల ట్రెక్కింగు మీ వల్ల కాకపోతే సోనామర్గ్ పక్కనే థాజివాస్ మైదానమున్నది. ఉదయం నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. భార్యను, కూతుళ్లను వెంట తీసుకొని వెళ్లండి. బుర్ఖాతో కొండ ఎక్కడం ఎలా అని అడిగేవారు బకర్వాల్ స్త్రీలను చూడాలి. నిండు దుస్తులతో, తలపై మూటతో, చంకన బిడ్డతో కనుమలు దాటుతారు.

చివరగా, 2025 ఏప్రిల్ 22న పహల్గాం పైనున్న బైసరన్ పచ్చికలో జరిగిన ఘోరాన్ని తలచుకొని చాలామంది వెనుకంజ వేస్తున్నారు. మతం అడిగి మరీ అమాయకులను చంపిన ఆ దుర్మార్గంలో 26 మంది ప్రాణాలు పోయాయి. వారిలో ఒకరు గుర్రం నడిపి పొట్టపోసుకొనే సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా. యాత్రికులను కాపాడబోయి మరణించారు. అల్లాహ్ ఆయనను తన కారుణ్యంలోకి తీసుకొనుగాక. ఆ తరువాత అనేక విహార స్థలాలను ప్రభుత్వం మూసివేసింది, కొన్నింటిని దశలవారీగా తెరిచింది. కాబట్టి టిక్కెట్టు కొనక ముందే ఆ దారి తెరిచి ఉన్నదో లేదో అధికారుల వద్ద విచారించండి. సరస్సుల దారిలో సైనిక శిబిరాల వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ఆధార్ అసలు కార్డు, రెండు నకళ్లు వెంట ఉండాలి. స్థానిక మార్గదర్శి, గుర్రపువాడు లేకుండా వెళ్లవద్దు. వారి కూలి బేరమాడి తగ్గించవద్దు, ఆ రెండు నెలల సంపాదనే వారికి చలికాలపు బియ్యం. ఖుఫ్‌లు కొన్నవారు వాటిని ఇంట్లో వారం రోజులు తొడుక్కొని, మసహ్ చేయడం ఊళ్లోని ఆలిమ్ ఎదుట ఒకసారి చేసి చూపించి, ఆ తరువాతే సంచీ సర్దుకోవాలి. ఊళ్లో ఉండగా గడువు ఒక పగలు, ఒక రాత్రి మాత్రమేనని మరవవద్దు.